మామూలు ఫ్యానా, బీఎల్‌డీసీ ఫ్యానా?

మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే ఫ్యాను, 30 వాట్ల దగ్గరే ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే హాల్లో ఫ్యానుకి నెలకు 20 యూనిట్ల తేడా. మన కరెంటు బిల్లు శ్లాబుల లెక్క కదా, ఆ 20 యూనిట్లూ ఎక్కువ రేటు పడే పై శ్లాబులోంచే తగ్గుతాయి. అసలు లాభం అక్కడే. పైగా పాత డబ్బా రెగ్యులేటరు, స్పీడు తగ్గించినా కొంత కరెంటును వేడిగా తగలేస్తుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. బీఎల్‌డీసీకి ఆ బాధ లేదు, ఇన్వర్టరు మీద కూడా ఎక్కువసేపు తిరుగుతుంది.

మామూలుది కొనేటప్పుడు చవక. కెపాసిటర్ పోతే వీధి చివరి ఎలక్ట్రీషియన్ నిమిషాల్లో మార్చేస్తాడు. బీఎల్‌డీసీ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే సర్వీస్ సెంటరే గతి. రిమోటు వెతుక్కోవడం అదనం!

చుట్టాలొస్తే తప్ప వెయ్యని గదిలో పాతదే ఉంచండి. హాలుకీ పడగ్గదికీ మాత్రం మార్చేయండి.