నలుగురూ కూర్చునే ఆఫీసులో మర్యాద ఎవరు చెప్పాలి? నెల్లూరులో ఒక కోవర్కింగ్ సెంటర్ సమీక్ష

నెల్లూరు మినీ బైపాస్‌కు దగ్గరలో, ఒక వాణిజ్య భవనం రెండో అంతస్తులో నడుస్తున్న కోవర్కింగ్ సెంటర్ గురించి, అంటే వేర్వేరు పనులవారు సీటు అద్దెకు తీసుకుని ఒకే హాల్లో కూర్చుని పని చేసుకునే చోటు గురించి, ఈ సమీక్ష రాస్తున్నాను. కొన్ని లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక పేరు ఇవ్వడం లేదు. నెలసరి సభ్యత్వం తీసుకుని కొంతకాలంగా అక్కడే పని చేసుకుంటున్నాను. ఇంటర్నెట్ వేగం, కుర్చీలు, కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకునే తీరు ఎవరైనా ఒక్క పూట కూర్చుని తేల్చుకోగలిగినవి. అవన్నీ బాగానే ఉన్నాయి. అద్దె మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుంది. జీఎస్టీ నంబరు మీద వ్యాపారం చేసేవారు దానిని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాము కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. అయితే సభ్యత్వం కొనసాగించాలా వద్దా అన్నది చివరికి తేల్చేవి పక్క సీటువారి నడవడిక, దానిని నిర్వాహకులు చూసుకునే పద్ధతి. అవి కొన్నాళ్లు కూర్చుంటే తప్ప తెలియవు.

2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ ఈ పద్ధతికి శ్రీకారం చుట్టినప్పుడు, ఒంటరిగా పని చేసుకునేవారికి నలుగురి తోడు కల్పించడం అతని ఉద్దేశం. నెల్లూరులో తోడుకు కరువు లేదు. ఉన్న ఇబ్బంది అంతా దానికి ఎదురుదిక్కు నుంచి వస్తుంది. హాల్లో కూర్చున్నవారిలో ఒకాయన మన మేనమామకు స్నేహితుడు, ఇంకొకాయన కాలేజీలో మనకు సీనియర్, కిటికీ పక్కన కూర్చునే ఆడిటరుగారు మన నాన్నగారి లెక్కలు చూసిన మనిషి. అటువంటి పెద్దాయన స్పీకర్ పెట్టి అరగంట మాట్లాడుతుంటే, కొంచెం మెల్లగా మాట్లాడండి అని చెప్పడానికి నోరు రాదు. చెప్పితే ఆ మాట సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. కనుక మొహమాటానికి పోయి అందరూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఓర్చుకుంటారు, లోలోపల విసుక్కుంటారు, నెల తిరిగేసరికి కొందరు సభ్యత్వం మానుకుంటారు.

ఈ సెంటర్ నాకు నచ్చడానికి మొదటి కారణం, ఆ చెప్పే బాధ్యతను సభ్యుల నెత్తిన పెట్టకుండా ఫ్రంట్ డెస్క్ తీసుకోవడం. ఎవరికైనా ఇబ్బంది కలిగితే అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దనీ, డెస్క్ నంబరుకు విడిగా పంపాలనీ చేరిన రోజే చెప్పుతారు. ఎవరు పంపారన్నది బయటికి రాదు. డెస్క్‌లో ఉండే అమ్మాయి లేచి వచ్చి చెప్పే తీరు చూడవలసిందే. రొయ్యల కొనుగోలు చేసే ఒకాయన హాలు మధ్యలో నిలబడి ఫోన్‌లో బేరం ఆడుతున్నారు. రొయ్యల ధర కౌంటును బట్టి ఉంటుంది, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను బట్టి. నలభై కౌంటుకు ఎంత, అరవై కౌంటుకు ఎంత అని ఆయన గట్టిగా చెప్పుతున్న రేట్లు హాలంతా వినబడుతున్నాయి. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, “అన్నా, మీరు చెప్పే రేటు ఈడ అందరికీ ఇనబడతా ఉండాది. మీ లైన్‌లో వాళ్లే ఇంకో ఇద్దరు ఉండారు గదా ఈడ. లోపల బూత్ ఖాళీగానే ఉండాది, ఆడ కూర్చోని మాట్లాడుకోండి” అన్నది. ఆయన “అట్నా తల్లీ” అని చుట్టూ ఒకసారి చూసి, ఫోన్ చెవికి ఆనించుకునే బూత్‌లోకి నడిచారు. మీ వల్ల ఫలానావారికి ఇబ్బంది అన్న మాట అందులో ఎక్కడా లేదు. మీ వ్యాపారానికే నష్టం అన్న మాట మాత్రం ఉంది. గోడకు అంటించిన ‘నిశ్శబ్దం పాటించండి’ నోటీసు ఇంత పని ఎన్నడూ చేయలేదు.

నోటీసులు పనిచేయకపోవడానికి మరో కారణం ఉంది. చుట్టూ చప్పుడు పెరిగినప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు దీనిని గుర్తించాడు, ఆయన పేరుమీదే దీనిని లొంబార్డ్ ప్రభావం అంటారు. చెవులు మూసుకుపోయే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవారికి తమ గొంతే తమకు సరిగా వినబడదు, కనుక వారు మరింత గట్టిగా మాట్లాడతారు. చప్పుడును తగ్గించే ఖరీదైన హెడ్‌ఫోన్లు ఏసీ హోరు వంటి నిలకడైన శబ్దాన్ని బాగా అణచుతాయి గాని, పక్కవారి మాటలను అంతగా అణచలేవు. హోరు తగ్గిన తరువాత ఆ మాటలే ఇంకా స్పష్టంగా వినబడతాయి కూడా. అందువల్ల హెడ్‌ఫోన్లు కొనుక్కోండి అని సభ్యులకు చెప్పి చేతులు దులుపుకోవడం నిర్వాహకుల పద్ధతి కాకూడదు. ఇక్కడి రెండు ఫోన్ బూత్‌లకు గోడల లోపల మెత్త అతికించారు, తలుపు అంచుకు రబ్బరు పట్టీ వేశారు; లోపలి మాట బయటికి గొణుగుడుగా తప్ప రాదు. మీటింగ్ గది మాత్రం నాలుగు పక్కలా గాజే, అందులో మాట మారుమోగుతుంది. చూడడానికి అందంగా ఉంటుందని అలా కట్టి ఉంటారు.

బూత్‌లు రెండే కావడంతో సాయంత్రం పూట వాటికి పోటీ ఎక్కువ. సభ్యుల్లో అమెరికా కంపెనీలకు పని చేసే సాఫ్ట్‌వేర్‌వాళ్లు చాలామంది ఉన్నారు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది గంటలకు పెట్టే మీటింగ్ వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నరకు వస్తుంది, చలికాలంలో ఏడున్నరకు వస్తుంది. వాళ్లు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట ముందుకో వెనక్కో జరుపుతారు. నెలల ముందు నుంచి ఒకే గంటకు బూత్ పట్టుకున్నవారు ఆ వారంలో గంట అటూ ఇటూ అయ్యేసరికి ఒకరి మీద ఒకరు పడతారు. మొన్న నవంబరులో ఒకే బూత్ దగ్గర ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ముగ్గురు నిలబడ్డారు. ఏటా రెండుసార్లు తప్పకుండా వచ్చే ఈ చిక్కుకు నిర్వాహకులు ముందుగానే బుకింగ్‌లు సరిచేసి పెట్టవచ్చు. ఆ మాట వారికి రాసి పంపాను, చూద్దామన్నారు.

అసలు లోపం ఆ సాయంత్రం పూటలోనే ఉంది. డెస్క్‌లోని అమ్మాయి ఏడు గంటలకు ఇంటికి వెళ్లిపోతుంది, అమెరికా కాల్స్ జోరందుకునేది అప్పుడే. ఆమె తరువాత ఉండేది వాచ్‌మన్ ఒక్కరే. సభ్యులకు చెప్పే అధికారాన్ని ఎవరూ ఆయనకు ఇవ్వలేదు, ఇచ్చినా ఆయన మాటను లెక్కచేయని మనుషులు కొందరున్నారు. మీటింగ్ గది సంగతి రాత్రిపూట పూర్తిగా దైవాధీనం. ఎనిమిదికి ఖాళీ చేయవలసినవారు ఎనిమిదింపావుకు కూడా లోపలే ఉంటారు. గాజు తలుపు అవతల నిలబడి ఉన్నామని వారికి కనబడుతూనే ఉంటుంది, వేళ్లు చూపించి అయిదు నిమిషాలు అంటారు, ఆ అయిదు నిమిషాలలో కొత్త స్లైడు మొదలుపెడతారు. ఒకసారి క్లయింటుతో కాల్‌ను నేను మెట్ల మీద కూర్చుని ముగించవలసి వచ్చింది. గది వాడుకున్నవారు బోర్డు మీద రాసినది చెరపకుండా పోవడం, టీ కప్పులు బల్ల మీదే వదిలేయడం కూడా రాత్రి బుకింగ్‌లలోనే ఎక్కువ. పగలు చూస్తే అదే మనుషులు ఎంతో పద్ధతిగా ఉంటారు. ఒక్క ఉద్యోగి నేర్పు మీద ఆధారపడిన ఏర్పాటు ఆ ఉద్యోగి లేచి వెళ్లగానే కూలిపోతున్నది. సాయంత్రం పూటకు మరొకరిని పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రింటర్ దగ్గరి నిర్లక్ష్యం ఇంతకంటే ప్రమాదకరమైనది, దాని గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుకు, అంటే జీఎస్టీఆర్-3బీకి, గడువు 20వ తేదీ కనుక ఆ ముందురోజుల్లో ఆడిటర్ల దగ్గర పని చేసే కుర్రవాళ్లు ప్రింటర్‌ను వదలరు. అది తప్పు కాదు. తప్పేమిటంటే, పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న కాగితాలు ట్రేలో గంటలకొద్దీ పడి ఉండడం. మన బోర్డింగ్ పాస్ ప్రింటు తీసుకోబోతే ముందు చేతికి వచ్చేది ఊరిలో ఎవరో వ్యాపారి ఏడాది ఆదాయం. సభ్యుడు ప్రింటర్ ముందుకు వచ్చి పిన్ కొడితే తప్ప కాగితం బయటికి రాని ఏర్పాటు ఆఫీసు ప్రింటర్లలో చాలావాటికి ఉంటుంది. దీనికీ ఉన్నదేమో చూసి, ఉంటే దానిని ఆన్ చేస్తే సరిపోతుంది.

వంటగది విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మైక్రోవేవ్‌లో చేపల పులుసు వేడి చేయకూడదన్న నియమం మీద కొందరు గొణుగుతారు గాని, నెల్లూరు చేపల పులుసు మరునాడు చల్లగా తింటేనే రుచి అని వారికి తెలియనిది కాదు. ఏసీ రిమోట్ డెస్క్‌లోనే ఉంటుంది, ఇరవైనాలుగు మీద నిలిపి ఉంచుతారు. రోహిణి కార్తెలో కూడా అది సరిపోయింది.

వంటగదిలో జరిగే సంభాషణల సంగతి వేరు. కొత్తగా చేరినవారిని మీదేవూరు అని అడగడంలో తప్పు పట్టనక్కరలేదు, మనవాళ్లకు అది పలకరింపు. ఆ వెంటనే ఇంటిపేరు ఏమిటి, ఎవరి తాలూకు అని అడగడం పలకరింపు కాదు. ఆ ప్రశ్న ఎక్కడికి దారి తీస్తుందో అడిగేవారికీ తెలుసు, అడిగించుకునేవారికీ తెలుసు. ఆడపిల్లలను జీతమెంత, పెళ్లయిందా, రాత్రి ఇంతసేపు ఉంటే ఇంట్లో ఏమీ అనరా అని అడగడం మరీ అన్యాయం. ఒక అమ్మాయి ఈ ప్రశ్నల మూలంగానే టీకి లేవడం మానుకుని ఫ్లాస్కు తెచ్చుకుంటున్నది. సెంటర్ నియమాల కాగితంలో ఫోన్ల గురించి, చెప్పుల గురించి, చేపల గురించి ఉంది గాని దీని గురించి ఒక్క ముక్క లేదు. రొయ్యల వ్యాపారికి అంత నేర్పుగా చెప్పగలిగిన డెస్క్ ఈ విషయంలో మౌనంగా ఉండడం నాకు మింగుడుపడలేదు.

పగటిపూట పని చేసుకునే ఆడిటర్లకు, డిజైనర్లకు, చిన్న వ్యాపారులకు ఈ సెంటర్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. రాత్రి షిఫ్టువారు మాత్రం డబ్బు కట్టే ముందు ఒకరోజు పాస్ తీసుకుని చూసుకోవడం మంచిది. ఆ పాస్‌ను ఉదయం పూట వాడుకోకండి. సాయంత్రం ఏడు దాటాక వచ్చి, మీటింగ్ గది ఒక గంటకు బుక్ చేసుకుని, ఆ గది మీకు ఏ వేళకు దక్కుతుందో చూడండి.