మున్నార్–మరయూర్ రాతి సమాధుల టూరుకి డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అదే కరపత్రం తిరుగుతోంది. కొండంతా నీలి పూలు, ముందు పాతకాలపు రాతి సమాధి, కింద "మున్నార్–మరయూర్, అన్నీ కలిపి తలకు 14,500" అని పెద్ద అక్షరాలు. పోయిన ఫిబ్రవరిలో ఇదే కేరళ ప్యాకేజీ మీద కావలి నుంచి బయల్దేరిన గుంపులో నేనూ మా ఇంటివాళ్ళూ ఉన్నాం. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు. కరపత్రం చూస్తే మీరే గుర్తుపడతారు.

ముందు ఆ పూల సంగతి. అవి నీలకురింజి. ఆ కొండల్లో పన్నెండేళ్ళకోసారి విరగబూస్తాయి. 2006లో పూశాయి, తర్వాత 2018లో పూశాయి. మళ్ళీ అలా చూడాలంటే 2030 దాకా ఆగాలి. ఈ లోపు ఎవరైనా ఆ ఫొటో వేసి టికెట్లు అమ్ముతున్నారంటే, లేని సరుకు చూపించి డబ్బు తీసుకుంటున్నట్టే. మా గుంపులో ఒక పెద్దావిడ ఆ పూల కోసమే, మోకాళ్ళ నొప్పులు ఓర్చుకుని బయల్దేరింది. ఫోన్‌లో అడిగితే "మీ అదృష్టం అమ్మా, ఇప్పుడే మొదలయ్యాయి" అన్నాడట ఆ ఏజెంటు. ఆ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

రెండోది ఎరవికుళం నేషనల్ పార్క్. నీలగిరి కొండమేకలు తిరిగే చోటు, 2,695 మీటర్ల ఆనముడి శిఖరం ఉన్నదీ అక్కడే. ఆ మేకలు ఈనే కాలమని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాధారణంగా పార్కు మూసేస్తారు. ఇది దాచి ఉంచిన రహస్యమేమీ కాదు, ఆ దారిలో టూర్లు నడిపే ప్రతివాళ్ళకూ తెలుసు. అయినా మా దగ్గర ఎంట్రీ టికెట్ డబ్బు విడిగా తీసుకున్నారు. అక్కడికి వెళ్ళాక గేటు మూసి ఉంది. ఆ డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు.

ఇక సమాధులు. నిజానికి మాలో చాలామంది వెళ్ళింది వాటికోసమే. మున్నార్ నుంచి ఉడుమలైపేట వెళ్ళే ఘాట్ రోడ్డులో సుమారు నలభై కిలోమీటర్లు దిగితే మరయూర్ వస్తుంది. చుట్టూ కొండలు, మధ్యలో చెరుకు తోటలు, పాంబార్ నది. అక్కడి బండల మీద ఇనుప యుగం నాటి రాతి సమాధులు ఉన్నాయి. మునియరలంటారు, మునులు తపస్సు చేసుకున్న గదులని స్థానికుల నమ్మకం. మన వైపు ఇలాంటివాటిని రాకాసి గుళ్ళనీ పాండవుల గుళ్ళనీ అంటారు కదా, అదే కోవ. మాతో వచ్చిన రిటైర్డ్ సోషల్ మాస్టారు రైల్లో దారి పొడవునా పిల్లలకు వీటి గురించే చెబుతూ వచ్చారు.

మూడో రోజు దాకా ఆ ఊసే లేదు. టీ తోటలు, చాక్లెట్ల షాపు, మసాలా దినుసుల షాపు, ఆయుర్వేద తోట, ఇలా తిప్పుతూనే ఉన్నారు. మాస్టారు గట్టిగా అడిగితే డ్రైవర్ ఎవరికో ఫోన్ చేసి మాట్లాడాడు. మాలో సూళ్లూరుపేట అక్కకు తమిళం బాగా వచ్చు. ఆమె అంతా విని, "అన్నా, ఒకసారి నీ ట్రిప్ షీట్ చూపించు" అని అడిగింది. పాపం అతను దాచలేదు, జేబులోంచి తీసి ఇచ్చాడు. అందులో రాసింది ఒక్కటే లైను: మున్నార్ లోకల్. మరయూర్ లేదు, సమాధులు లేవు, తూవానం జలపాతం లేదు. నెల్లూరులో మాకు అమ్మిన టూరు వేరు, అక్కడి బండివాళ్ళకు చెప్పిన టూరు వేరు. మధ్యలో తేడా డబ్బు ఏజెంటు జేబులోకి వెళ్ళింది. డ్రైవర్‌ది ఇందులో ఏ తప్పూ లేదు. అతనికి ఇచ్చిన డీజిల్ డబ్బుకు అంతదూరం రాలేడు.

చివరికి మేమే తలా కొంత వేసుకుని అదే బండిని మరయూర్ తీసుకెళ్ళాం. హైస్కూలు వెనక బండ ఎక్కితే కనిపించాయి. నాలుగు వైపులా నిలువు రాతి పలకలు, పైన ఒకటే పెద్ద పలక. సున్నం లేదు, మట్టి లేదు, రాతి మీద రాయి ఆనించి నిలబెట్టారు. కొన్ని కూలిపోయాయి, కొన్నింటి పైపలకల మీద ప్రేమ గుర్తులూ పేర్లూ చెక్కి ఉన్నాయి. మాస్టారు ఒక పలక అంచు మీద చెయ్యి ఆనించి, "రెండు వేల ఏళ్ళకు పైబడిన పనిరా ఇది" అని పిల్లలను దగ్గరకు పిలిచారు. అంత మంచి చోటు అది. మరయూర్ వెళ్ళొద్దని నేను అనడం లేదు. తప్పకుండా వెళ్ళండి, ఈ ఏజెంటు ద్వారా మాత్రం వద్దు.

తూవానం మాటకొస్తే, కరపత్రంలో "జలపాతంలో స్నానం" అని ఉంది. అది చిన్నార్ అభయారణ్యం లోపల ఉంటుంది. అటవీ శాఖ అనుమతి తీసుకుని, వాళ్ళ గైడుతో నడిచి వెళ్ళాలి. మాకెవరూ ఆ అనుమతి తీయలేదు. రోడ్డు మీద నిలబడి దూరంగా కొండ మీద తెల్లటి గీతలాంటిది చూసి వెనక్కి వచ్చాం.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. మరయూర్ బెల్లానికి 2019లో జీఐ గుర్తింపు (ఆ ఊరి సరుకే అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది, ముదురు గోధుమ రంగు ఉండలు. ఆ పేరుతో బయటి బెల్లం కూడా అమ్ముతారు, అందుకే వండే గానుగ దగ్గరే కొనండి. అంతకన్నా ముఖ్యం గంధపు చెక్క. అక్కడి గంధపు చెట్లు అటవీ శాఖవి, చెక్కను వేలంలో అమ్మేది వాళ్ళే. రోడ్డు పక్కన ఎవరో సంచిలోంచి తీసి ఇచ్చే ముక్క అయితే నకిలీది, లేదా దొంగది. చెక్‌పోస్టులో పట్టుబడితే కేసు మీ మీద పడుతుంది. మా గుంపులో ఒకాయన కొనబోతుంటే డ్రైవరే ఆపాడు.

ఇప్పుడు అదే ఏజెంటు మన దగ్గరి చోట్లకూ ఆదివారం ట్రిప్పులు మొదలుపెట్టాడు: భైరవకోన, నెమలిగుండ్ల రంగస్వామి గుడి. నెమలిగుండ్ల గుడి నల్లమలలో ఉంది, తెరిచేది శనివారం. ఆదివారం తీసుకెళ్ళి ఏం చూపిస్తాడు? ఇక భైరవకోనకు ఒంగోలు నుంచైనా నెల్లూరు నుంచైనా మనమే బండి మాట్లాడుకుని హాయిగా వెళ్ళిరావచ్చు. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు చూడటానికి ప్యాకేజీ ఎందుకు?

ఏ ఏజెన్సీ అయినా సరే, ఎండాకాలం టూరుకి అడ్వాన్స్ కట్టేవాళ్ళు ఒక్క పని చెయ్యండి. ఏ రోజు ఏ చోటు, బండి ఎక్కడిదాకా, ఏ టికెట్లు కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకుని, అక్కడి డ్రైవర్‌కి ఇచ్చే ట్రిప్ షీట్ కాపీ కూడా బయల్దేరే ముందే అడగండి. రెండూ కలవకపోతే డబ్బు ఇవ్వకండి. మా డబ్బు ఒకరి సొంత ఫోన్‌పే నంబరుకు వేయించుకున్నారు, బిల్లు అడిగితే "టూరు అయ్యాక" అన్నారు. మీరు ఏజెన్సీ ఖాతాకే వేసి, బిల్లు వెంటనే తీసుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. కరపత్రం ఫొటో, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ఏజెంటుతో చేసిన చాట్ చెరిపేయకండి. ఫిబ్రవరి టూరులో మాతో వచ్చి, తర్వాత ఫోన్లు కలవని కుటుంబాలు ఈ పోస్టు చూస్తే కామెంట్‌లో ఒక్క మాట రాయండి. మా ఫిర్యాదులో మీ పేర్లూ చేర్చి, అందరం కలిసి వేద్దాం.