స్పెయిన్ తీర నగరాలకు రైల్లో: సముద్రం చూడాలంటే ఆగుతూ వెళ్లే బండే ఎక్కండి

స్పెయిన్ సముద్రతీర నగరాలను రైల్లో తిరగొచ్చా అని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. నగరాలు హాయిగా తిరగొచ్చు. సముద్రం మాత్రం రైలు కిటికీలోంచి మీరు ఊహించుకున్నంత కనబడదు. మేముండేది జర్మనీలో. కొన్నేళ్లుగా శరదృతువు సెలవుల్లో ఈ తీరానికే వెళ్తున్నాం, ఒక్కోసారి ఒక్కో ముక్క. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

బార్సిలోనా నుంచి వాలెన్సియా, అలికాంతే వైపు వెళ్లే వేగమైన రైలు యూరోమెడ్. ఆ పేరు వినగానే అంతా మధ్యధరా తీరం వెంటే పోతుందనిపిస్తుంది. ఒకప్పుడు చాలావరకు అలాగే పోయేది. 2020 జనవరిలో వాందెయోస్ దగ్గర కొత్త లైను తెరిచాక ప్రయాణ సమయం తగ్గింది, సముద్రం దూరమైంది. ఇప్పుడది తర్రగోనా ఊళ్లోకి రాదు, ఊరికి సుమారు పది కిలోమీటర్ల అవతల పొలాల మధ్య ఉన్న కాంప్ దె తర్రగోనా స్టేషన్లో ఆగుతుంది. అందుకే తర్రగోనా వరకు నేను మామూలు ప్రాంతీయ రైలే ఎక్కుతాను. గంటా గంటంపావు పడుతుంది, టికెట్టు చౌక, రిజర్వేషన్ గొడవ లేదు. ఎడమ పక్క సీటు పట్టుకోండి. గరాఫ్ కొండల్లో సొరంగం వెనక సొరంగం, మధ్యలో ఒక్క క్షణం నీలంగా నీళ్లు. సిట్జెస్ దాటాక కొన్నిచోట్ల పట్టాల పక్కనే ఇసుక. రైలు ఆలస్యం కావడం మామూలే, కాబట్టి దాని వెనకాలే ఇంకో రైలుకు టికెట్టు తీసి టెన్షన్ పడొద్దు.

తర్రగోనాకు నా ఓటు గట్టిగా ఉంటుంది. చాలామంది దీన్ని బార్సిలోనా నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసే ఊరుగా చూస్తారు. ఒక రాత్రి ఉండి చూడండి, తేడా తెలుస్తుంది. రోమన్ల కాలంలో ఇది తర్రాకో, పెద్ద రాష్ట్రానికి రాజధాని. ఇక్కడి రోమన్ కట్టడాలకు 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రెండో శతాబ్దపు ఆంఫీథియేటర్ సముద్రానికి ఎదురుగా వాలులో ఉంటుంది, దానికీ నీళ్లకూ మధ్య నుంచి మన రైలు పోతుంది. రథాల పందేలు జరిగిన సర్కస్ మీద తర్వాతి కాలంలో ఇళ్లు కట్టేశారు, కొన్ని దుకాణాల లోపలే ఆ రాతి కమానులు కనిపిస్తాయి. స్టేషన్ నుంచి పాత ఊరికి ఎక్కుడు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బస్సు పట్టుకోవడం మేలు.

ఒకసారి మా మామగారు వెంట వచ్చారు. విజయవాడలో రైల్వేలో చేసి రిటైరైన మనిషి. రాళ్లూ కమానులూ వదిలేసి ప్లాట్‌ఫాం మీద నిలబడి పట్టాల వంకే చూస్తూ, "అల్లుడుగారూ, ఇది మన బ్రాడ్‌గేజే కదండీ?" అన్నారు. దాదాపు అంతే. స్పెయిన్ పాత లైన్ల గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 1668 మిల్లీమీటర్లు, మనది 1676. హైస్పీడ్ లైన్లు మాత్రం మిగతా యూరప్‌లో లాగా 1435. అందుకని ఇక్కడ గేజ్ మార్చుకునే రైళ్లున్నాయి. ఒక షెడ్డులోంచి మెల్లగా పోతూ ఉండగానే చక్రాల మధ్య దూరం మారిపోతుంది, మనం దిగక్కర్లేదు. ఆ ట్రిప్పులో ఆయనకు నచ్చిన విషయాల్లో ఇదే మొదటిది.

వాలెన్సియాలో హైస్పీడ్ రైళ్లు హువాకిన్ సొరోయా స్టేషన్‌కు వస్తాయి. అక్కడినుంచి నడిచి 1917 నాటి నార్త్ స్టేషన్ చూడండి. బయట నారింజ పళ్ల అలంకారం, లోపల పలు భాషల్లో శుభప్రయాణం అని రాసిన మొజాయిక్‌లు. పాత పట్టు వర్తకుల భవనం లా లోంహా, ఎదురుగా సెంట్రల్ మార్కెట్ సగం రోజు తినేస్తాయి. ఇక్కడి అన్నం వంటకం పాయెయా మధ్యాహ్నమే తినాలి. రాత్రి అమ్మేది ఎక్కువగా టూరిస్టుల కోసమే.

అక్టోబర్‌లో ఎండ పదునుండదు, జనం తగ్గుతారు, సముద్రం ఇంకా మరీ చల్లబడదు. కానీ ఇదే కాలంలో ఈ తీరాన్ని కుండపోత వానలు కొడతాయి. 2024 అక్టోబర్ 29న వాలెన్సియా చుట్టుపక్కల వచ్చిన వరదల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. మాద్రిద్ హైస్పీడ్ లైను రెండు వారాలకు పైగా ఆగిపోయింది. నగరం నడిబొడ్డు మునగలేదు, ఎందుకంటే 1957 వరద తర్వాత తూరియా నదిని ఊరి దక్షిణానికి మళ్లించారు. పాత నది గర్భంలో ఇప్పుడు పొడవాటి తోట ఉంది, అందులో నడుస్తుంటే ఇది ఒకప్పుడు నది అని నమ్మబుద్ధి కాదు. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇస్తే ఆ రోజు ప్రయాణం మానేయండి. ప్లాన్‌లో ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.

అలికాంతేలో కోట ఎక్కి దిగితే చాలు. అక్కడినుంచి ముర్సియా వైపు రైల్లో దారిలో ఎల్చే వస్తుంది, ఖర్జూర వనం చూడాలంటే అక్కడ దిగాలి. ఆపై కార్తహేనా. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ వాళ్లు స్థాపించిన ఊరు. దాని రోమన్ థియేటర్ ఇళ్ల కింద పూడిపోయి 1988లో గానీ బయటపడలేదు. మ్యూజియం లోపలి దారిలో పైకెక్కుతూ పోయి, చివర్లో ఉన్నట్టుండి థియేటర్‌లోకి వచ్చి పడతాం. హైస్పీడ్ పనులు జరిగే ప్రాంతం కాబట్టి, బయలుదేరే ముందు రైలా, బదులు బస్సా అన్నది చూసుకోండి.

మ్యాపులో చూసి, ఇక్కడినుంచి తీరం వెంటే మాలగాకు, ఆపైన కాదిజ్‌కు రైల్లో పోవచ్చు అనుకుంటారు. పోలేరు. అలాంటి లైను లేదు. లోపలికి, మాద్రిద్ మీదుగా తిరిగి రావాలి. సమయం తక్కువైతే నేను మాలగాను వదిలేస్తాను. ఊరు బాగానే ఉంటుంది, రద్దీ నాకు పడదు. పైగా పుల్లలకు గుచ్చి కాల్చే సార్డీన్‌లకు వేసవే అసలు కాలం. శాకాహారులు వెళ్తే మాత్రం చెరకు పాకం పోసిన వేయించిన వంకాయ తప్పకుండా తినాలి. ఇంకెక్కడైనా కూరగాయల వంటకం అని రాసి ఉన్నా హామ్ (పంది మాంసం) ముక్కలు ఉన్నాయా అని అడగాల్సిందే.

కాదిజ్‌కు మాద్రిద్ నుంచి నేరుగా బండ్లున్నాయి, నాలుగు గంటల పైమాటే. చివరి భాగంలో ఉప్పు మడులు దాటి సన్నని నేల మీదుగా రైలు ఊళ్లోకి వెళ్తుంది. ప్రాచీన సముద్ర వర్తకులైన ఫినీషియన్ల కాలం నాటి రేవు, స్పెయిన్ 1812 రాజ్యాంగం పుట్టిన ఊరు, అయినా వీధుల్లో ఆ గొప్పలేవీ కనిపించవు. లెవాంతే అనే తూర్పు గాలి లేచిన రోజు బీచ్ మీద ఇసుక మొహాన కొడుతుంది, ఆ రోజు తవీరా టవర్ ఎక్కి ఊరంతా చూడండి. వారం రోజులే ఉంటే కాదిజ్ కలపొద్దు, కార్తహేనాతో ఆపేయండి. పది రోజులుంటే మాలగా తీసేసి ఇక్కడ మూడు రాత్రులు ఉండండి. అక్టోబర్ 12న, నవంబర్ 1న జాతీయ సెలవులు, వాటి చుట్టూ రైళ్లు నిండిపోతాయి కాబట్టి హైస్పీడ్ టికెట్లు ముందే తీసుకోండి.