పదమూడు అరల ఫైలు: అద్దింట్లో కొన్నేళ్ల వాడకం తర్వాత

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల అద్దెకుండే తెలుగువాళ్ల ఇంట్లో రెండు రాష్ట్రాల కాగితాలుంటాయి. పొలం పాసుపుస్తకం జిరాక్సులు, శిస్తు రసీదులు ఊరివి. అగ్రిమెంటు, అడ్వాన్సు రసీదు, బెస్కాం కరెంటు బిల్లులు, పిల్లల స్కూలు కాగితాలు ఇక్కడివి. ఇల్లు సర్దుకోవాలని నేను కొన్న బుట్టలూ హుక్కులూ డ్రాయరు అడ్డపలకలూ చాలావరకు అటకెక్కాయి. ఇంకా చేతికింద ఉన్నది ఒక్కటే: అకార్డియన్ పెట్టెలా తెరుచుకునే పదమూడు అరల ప్లాస్టిక్ ఫైలు. కర్ణాటకలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి రాకముందు అవెన్యూ రోడ్డులో కొన్నాను. మూడు వందల లోపే పడింది. కంపెనీ పేరు చెప్పను, ఇవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ముందు మంచి చెప్తాను. నిటారుగా నిలబడుతుంది, అందుకే బీరువాలో చీరల పక్కన జానెడు చోటిస్తే చాలు. పైనుంచి చూస్తే అన్ని అరలూ కనిపిస్తాయి. కవర్లో కవరు, అందులో ఇంకో కవరు విప్పే పని తప్పింది. మా అత్తమ్మ కాగితాలన్నీ బట్టల షాపు పసుపు సంచిలో పెట్టి ముడేసేది. ఆ సంచి దించిన రోజు ఇల్లంతా కాగితాలే.

అయితే ఫైలు కొన్నంత మాత్రాన ఏదీ కుదురుకోదు. దానితో వచ్చే చీటీల మీద 'బిల్లులు', 'బ్యాంకు', 'ఇన్సూరెన్స్' అని రాసుకుంటే వారంలో మళ్లీ మొదటికొస్తుంది. ఆస్పత్రి బిల్లు బిల్లుల్లో పెట్టాలా, ఇన్సూరెన్సులో పెట్టాలా? నేను అరలకు పనుల పేర్లు పెట్టాను: 'ఆస్పత్రికి', 'స్కూలుకి', 'ఇంటి ఓనరుతో', 'కరెంటు, గ్యాసు', 'ఊరికి పోయేటప్పుడు'. ఏ పనికి బయల్దేరితే ఆ అర ఖాళీ చేసుకుని సంచిలో వేసుకుంటాం, తిరిగొచ్చాక అక్కడే పెట్టేస్తాం. కావాలంటే ఒకే కాగితానికి రెండు జిరాక్సులు తీసి రెండు అరల్లో వేస్తాను, అయ్యేది కొద్ది రూపాయలే కదా. పిల్లల ఆధార్ 'స్కూలుకి' అరలో ఉంటుంది. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లకు ఇంకోసారి వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి కాబట్టి ఆ నెల, సంవత్సరం దాని మీదే పెన్సిలుతో రాసి పెట్టాను.

ఓ రాత్రి మామగారికి షుగరు బాగా పడిపోయింది. "ఏమ్మా, మీ మామ రిపోర్టులు యాడ బెట్టినావు?" అంటూనే అత్తమ్మ తనే బీరువా తెరిచి 'ఆస్పత్రికి' అని ఉన్న అర మొత్తం బయటికి లాగింది. నేను ఆటో బుక్ చేసేలోపు ఆమె గుమ్మంలో ఉంది. ఆమెకు తెలుగు తప్ప చదవడం రాదు, అందుకే అన్ని పేర్లూ తెలుగులోనే రాశాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరూ ఈ పని చేయండి.

ఇక తిట్టాల్సినవి. ప్లాస్టిక్ ట్యాబుల్లో దూర్చే చీటీలు జారి పడిపోతాయి. వాటి బదులు దెబ్బలకు అంటించే పేపర్ ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద పెన్నుతో రాశాను, ఇప్పటిదాకా ఊడలేదు. మూత బిగించే ఎలాస్టిక్ మొదటి ఏడే సాగిపోయింది, ఇప్పుడు లంగా నాడాతో కడుతున్నాం. అడుగున మడతలు పడే చోట, ముఖ్యంగా బరువైన కాగితాలున్న చివరి రెండు అరల్లో, ప్లాస్టిక్ తెల్లబడి చీలుతోంది. పదమూడు అరలున్నాయి కదా అని అన్నీ నింపితే ఫైలు పొట్ట ఉబ్బి మూత పడదు. నా లెక్కన తొమ్మిదో పదో వాడుకుని మిగతావి ఖాళీగా వదలాలి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది, అది ఏ ప్లాస్టిక్ ఫైలుకైనా ఉంటుందనుకోండి. మీటరు రీడర్ అక్కడికక్కడే తీసిచ్చే కరెంటు బిల్లు, మందుల షాపు బిల్లు, ఏటీఎం చీటీ థర్మల్ కాగితం మీద ఉంటాయి. వాటిలో సిరా ఉండదు, వేడికి కాగితమే నల్లబడి అక్షరాలవుతాయి. కొన్ని రకాల మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉండే రసాయనాలు తగిలితే ఆ అక్షరాలు ఇంకా త్వరగా వెలిసిపోతాయి. ఫ్రిజ్ వారంటీ బిల్లు తీసి చూస్తే తెల్లకాగితం, మూలన షాపు ముద్ర ఒక్కటే మిగిలింది. పక్క ఫ్లాటు ఆవిడ తన బిల్లు పాడవకూడదని లామినేషన్ చేయించబోయింది. మెషీన్లోంచి బొగ్గులా నల్లగా బయటికొచ్చింది! థర్మల్ బిల్లు చేతికి రాగానే ఫోటో, వారంటీదైతే జిరాక్సు, అంతే. అసలు బిల్లును జిరాక్సు వెనక పిన్ను చేసి మామూలు కాగితం కవర్లో పెడతాను.

ఫైలు డబ్బు మిగిల్చింది మాత్రం 'ఇంటి ఓనరుతో' అనే అరే. బెంగళూరులో అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటిన లీజైతే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కాబట్టి. పదకొండు నెలలకోసారి కొత్త కాగితం, పెరిగిన అద్దె, అడ్వాన్సు మొత్తం మాత్రం పాత కాగితంలో. పాత అగ్రిమెంటు పారేస్తే అడ్వాన్సు ఎంతిచ్చామో చెప్పే ఆధారం పోయినట్టే. కిందటి ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఓనరు పెయింటింగుకని నెల అద్దెకు మించి పట్టుకుంటానన్నాడు. ఒక నెలే అని రాసిన పేజీ తీసి చూపించాక మిగతాది ఇచ్చాడు. చేరిన రోజు గోడల ఫోటోల ప్రింట్లు కూడా అందులోనే ఉన్నాయి, వాటిదాకా పోలేదు.

ఇల్లు మారినప్పుడే కరెంటు అర విలువా తెలిసింది. నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి ఇచ్చే గృహజ్యోతి అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. కానీ పాత ఇంటి ఖాతా నుంచి ఆధార్ విడదీసి కొత్త ఇంటి ఖాతాకు కలపాలి, అందుకు బిల్లు మీదుండే ఖాతా నంబరు కావాలి. పాత ఇంటిది ఆ అరలోంచే తీశాను.

ఫోనులో కాగితాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్ ఉండగా ఫైలెందుకు అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. బండి ఆర్సీ, లైసెన్సుల వరకు ఆయన మాటే నిజం. డిజిలాకర్లో చూపిస్తే ఒప్పుకోవాలని 2018లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు చెప్పింది, ఆ రెండూ మేం ఫైల్లో పెట్టం. కానీ ఆస్పత్రి ఖర్చు మనం కట్టి తర్వాత ఇన్సూరెన్సు నుంచి రాబట్టుకోవాలంటే అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ అడుగుతారు. ఊరి కాగితాల సంగతికొస్తే, పొలం రికార్డులైన 1బి, అడంగల్ ఆంధ్ర ప్రభుత్వ మీభూమి సైట్లో దొరికినా పాత రసీదులు దొరకవు.

ఇంటి పత్రాలు, బంగారం రసీదుల లాంటివి ఇందులో వద్దు. చిన్నపిల్లాడు కూడా ఎత్తుకుపోగల బరువు ఇది. ఒకసారి నింపి అటక మీద పెట్టేసేవాళ్లకు కూడా ఇది దండగే, నెలకోసారైనా తెరిచే ఇంటికే పనికొస్తుంది. మళ్లీ కొంటానా అంటే కొంటాను, ఈసారి ఎ4 సైజు మాత్రం కాదు. అగ్రిమెంట్లు లీగల్ కాగితం మీద ఉంటే ఎ4 కంటే దాదాపు ఆరు సెంటీమీటర్లు పొడవు, పైకి పొడుచుకొచ్చి అంచులు చిరుగుతున్నాయి. షాపుకు పోయేటప్పుడు అగ్రిమెంటు జిరాక్సు ఒకటి పట్టుకెళ్లి, అరలో దూర్చి, మూత వేసి చూసి కొనండి.