కారు ఎగిరెగిరి పడుతోందని కిట్ తీసి పారేయకముందు ఈ షెడ్డులో ఒకసారి చూపించండి

నా కారు ఎక్కనని అమ్మ తేల్చి చెప్పేసింది. విజయవాడ నుంచి తెనాలిలో పిన్ని వాళ్లింటికి వెళ్లొచ్చిన రాత్రి, నడుముకు కాపడం పెట్టుకుంటూ "ఇంకోసారి వెళ్లాల్సొస్తే బస్సులో పోతాను గానీ నీ కారులో మాత్రం రాలేను నాన్నా" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ బాధేసింది.

నాది 2014 స్విఫ్ట్ వీడీఐ. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. కిందటేడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక కాయిలోవర్ కిట్, అంటే కారు ఎత్తు మార్చుకునేలా వచ్చే స్ప్రింగులు, షాకుల (షాక్ అబ్సార్బర్ల) సెట్టు, 32 వేలకు కొని వేయించాను. కొత్తది కొనే స్తోమత లేదు. దాంతోపాటు 15 అంగుళాల అల్లాయ్ వీల్స్, 195/55 టైర్లు. కారు నేలకు దగ్గరగా, చక్రాలు మడ్‌గార్డుల కింద నిండుగా కనిపిస్తే నాకు ఎంతో ఇష్టం. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరే ముందు ఒక్క నిమిషం నిలబడి చూసుకుంటాను, ఇప్పటికీ.

కానీ నడపడం మాత్రం నరకంగా ఉండేది. కనకదుర్గ వారధి ఎక్కితే చాలు, ప్రతి జాయింటు దగ్గరా ముందు భాగం ధడ్‌మని కొట్టుకుని ఆ వెంటనే పైకి లేచేది. అది సర్దుకునేలోపే ఇంకో జాయింటు. వారధి దిగేసరికి మెడ పట్టేసేది. హైవే మీద 80లో వెళ్తుంటే రోడ్డు నున్నగానే ఉన్నా వెనక సీటు ఊగుతూనే ఉండేది. మంగళగిరి నుంచి దుగ్గిరాల మీదుగా తెనాలి వెళ్లే దారిలో ఊళ్ల దగ్గర వేసిన స్పీడ్ బ్రేకర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత వెడల్పుంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగొచ్చు. మన ఊళ్లలో ఇంటి ముందు సిమెంటుతో పోసే గట్లకు ఆ లెక్క ఎవరూ చూడరు.

కిట్ బిగించిన షాపుకు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి షాకు ఎంత గట్టిగా పనిచేయాలో మార్చే నాబ్‌ను పూర్తిగా సాఫ్ట్ వైపు తిప్పి, మెత్తగా ఉంటుందన్నారు. ఇంకా ఎక్కువ ఊగింది. రెండోసారి, గుంతల్లో పడితే రిమ్ము వంగకుండా అంటూ టైర్లలో 40 గాలి కొట్టి పంపించారు. చివరికి "చౌక కిట్ సార్, ఇంతే ఉంటుంది, కొత్తది వేయించుకోండి" అన్నారు. నేను దాదాపు నమ్మేశాను. పాత కంపెనీ షాకులు అటక మీద ఉన్నాయి, తిరిగి అవే వేయించేద్దామని కూడా అనుకున్నాను.

ఆటోనగర్‌లోని ఈ షెడ్డు గురించి క్యాబ్ నడిపే స్నేహితుడు చెప్పాడు. షాకుల పని, సస్పెన్షన్ పని తప్ప ఇంకేదీ చేయరు. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. ఇద్దరు కుర్రాళ్లు. బయటికి చూస్తే ఏమీ ఉండదు, రేకుల షెడ్డు, బండి కింద నిలబడి పనిచేయడానికి తవ్విన ఒక గుంత, గోడకు వరసగా తగిలించిన పాత స్ప్రింగులు. ఆయన నా కారు చూడగానే పానా పట్టుకోలేదు, అదే నాకు నచ్చిన మొదటి విషయం. ప్రశ్నలు అడిగారు. ఒక్కడివే ఉన్నప్పుడు ఎగురుతుందా, నలుగురు ఎక్కితేనా? కొట్టుకోవడం ముందా, ఎగరడం ముందా? చిన్న గుంతకా, పెద్ద గుంతకా? "కొట్టుకున్నాకే ఎగురుతోందండీ" అన్నాను. "అయితే బాబూ, అది స్ప్రింగు ఎగరడం కాదు" అన్నారు.

తర్వాత ముందు చక్రం విప్పి, షాకు రాడ్డు చుట్టూ ఒక చిన్న ప్లాస్టిక్ ట్యాగ్ బిగించారు. వైర్లు కట్టడానికి వాడతామే, అదే. దాన్ని కిందికంటా, షాకు బాడీకి ఆనేలా జరిపారు. చక్రం బిగించి, కారును నేల మీదికి దించి, రెండుసార్లు అటూ ఇటూ కదిపి సర్దుకోనిచ్చి, మళ్లీ జాకీ మీద లేపి చక్రం తీశారు. కారు బరువుకు షాకు లోపలికి దిగినప్పుడు బాడీ ఆ ట్యాగ్‌ను పైకి తోసింది. పైనున్న బంప్ స్టాప్‌కూ (షాకు పూర్తిగా కూరుకుపోకుండా ఆపే రబ్బరు దిమ్మ) ట్యాగ్‌కూ మధ్య స్కేలు పెట్టి నన్ను చూడమన్నారు. ఎనిమిది మిల్లీమీటర్లు.

అంటే కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడే షాకుకు మిగిలిన ఖాళీ ఎనిమిది మిల్లీమీటర్లు. చిటికెన వేలు కూడా పట్టదు. ఏ చిన్న గుంత వచ్చినా షాకు బాడీ వెళ్లి ఆ రబ్బరు దిమ్మను గుద్దుతుంది, ఆ రబ్బరు కారును పైకి విసురుతుంది. ఏడాది పాటు నేను తిట్టుకున్నది స్ప్రింగునూ, షాకునూ. తంతున్నది బంప్ స్టాప్.

ఎందుకలా అయిందో కూడా అక్కడే చూపించారు. కారు జాకీ మీద ఉండగా నా చెయ్యి తీసుకుని స్ప్రింగు మీద పెట్టి తిప్పమన్నారు. తిరిగింది! చేత్తో గిర్రున తిరిగింది. పైకి కిందికి 15 మిల్లీమీటర్లు వదులుగా కటకట కొట్టుకుంటోంది. గుంత దిగినప్పుడు వచ్చే ఆ కటకట శబ్దం లింక్ రాడ్‌ది అనుకుని అంతకుముందు లింక్ రాడ్లు కూడా మార్పించాను.

ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఇలాంటి కిట్ వేయించుకున్నవాళ్లకు చాలామందికి ఇదే సమస్య అయి ఉండొచ్చు. నా కిట్‌లో ముందు వైపు ఎత్తు మార్చడానికి రెండు చోట్లున్నాయి. స్ప్రింగు కూర్చునే రింగు ఒకటి, షాకు కింది బ్రాకెట్ ఒకటి. రింగు కిందికి దించితే కారు దిగుతుంది, కానీ షాకు రాడ్డు కూడా అంతే లోతుకు లోపలికి కూరుకుపోతుంది. బ్రాకెట్ దగ్గర దించితే షాకు మొత్తం పొడవే తగ్గుతుంది గానీ లోపల రాడ్డు పైకీ కిందికీ కదిలే ఖాళీ తగ్గదు. నాకు బిగించినవాళ్లు తేలికని రింగు ఒక్కటే తిప్పారు, స్ప్రింగు వదులయ్యేదాకా తిప్పారు.

మేస్త్రి గారు రింగును 20 మిల్లీమీటర్లు పైకి తెచ్చారు. అందులో 15 వదులు పోవడానికి, 5 స్ప్రింగును కాస్త బిగువుగా పట్టి ఉంచడానికి. కారు అంత ఎత్తు పెరగకుండా కింది బ్రాకెట్‌లోకి షాకును 10 మిల్లీమీటర్లు తిప్పి దించారు. పాత బంప్ స్టాప్‌లు ఎండి చెక్కలా గట్టిపడిపోయాయి, వాటి స్థానంలో 15 మిల్లీమీటర్లు పొట్టివి, ఫోమ్‌లా నొక్కుకునేవి వేశారు. ఉన్నవాటినే సగానికి కోసెయ్యమని నేను అడిగాను. ఒప్పుకోలేదు. చివర్న సన్నగా ఉన్న భాగమే ముందు మెత్తగా నొక్కుకుని షాకును ఆపుతుందట, అది కోసేస్తే మొద్దు భాగానికే నేరుగా గుద్దుకుంటుంది. చివరి లెక్క: చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎడమవైపు 315 మిల్లీమీటర్లు ఉండేది, ఇప్పుడు 325. కుడి ఎడమలకు నాలుగు మిల్లీమీటర్ల తేడా కూడా ఉండేది, రెండు పక్కలా సమానం చేశారు. కారు పెరిగింది పది, షాకుకు దక్కిన ఖాళీ ముప్పై అయిదు. పక్కన నిలబడి చూస్తే కారు దించినట్టే ఉంది. ఆ పది మిల్లీమీటర్ల తేడా నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

నాబ్ విషయంలో నేను పూర్తిగా తప్పుగా అనుకున్నాను. సాఫ్ట్‌గా ఉంచితే సుఖంగా ఉంటుందనుకునేవాణ్ణి. స్ప్రింగు నొక్కుకుని తిరిగి సాగేటప్పుడు దాన్ని పట్టి ఆపాల్సింది షాకు. నాబ్ మరీ సాఫ్ట్‌లో పెడితే ఆపేవాడే ఉండడు, కారు ఊగుతూనే ఉంటుంది. మేస్త్రి గారు బానెట్ మూల మీద బరువంతా వేసి నొక్కి వదిలారు. మూడుసార్లు ఊగింది. తర్వాత నాబ్ ఒకటో రెండో క్లిక్కులు పెంచుతూ, ప్రతిసారీ నొక్కి చూస్తూ, పైకి లేచి ఒక్కసారికే కుదురుకునేదాకా వచ్చారు. ముందు 10 క్లిక్కులు, వెనక 7, పూర్తి సాఫ్ట్ నుంచి లెక్కపెట్టి. నేను ఇంటికొచ్చాక ముందు 13 పెట్టి చూశాను. వారధి జాయింట్లు మళ్లీ గట్టిగా తగిలాయి, వెంటనే 10కి తెచ్చేశాను.

వెనక ఎడమ షాకు నుంచి ఆయిల్ కారుతోంది. దుమ్ము పట్టి నల్లటి జిగురులా పేరుకుంది, ఎన్నాళ్ల నుంచో తెలియదు. అమ్మ కూర్చునేది ఆ వైపే. రెండు షాకులూ విప్పి సీళ్లు మార్చి ఒకే ఆయిల్ పోశారు. ఒక్కదానికే చేస్తే రెండు వైపులా తేడాగా పనిచేస్తుందని చెప్పి రెండూ చేశారు, నాకది న్యాయంగానే అనిపించింది.

ఇంకో పని చేశారు, అది చాలా షాపుల్లో చేయరని ఇప్పుడు అర్థమైంది. చక్రాలను బండికి కలిపే లోయర్ ఆర్మ్ బోల్టులు, వెనక బీమ్ బోల్టులు వదులు చేసి, కారును చక్రాల మీద దించి, బరువు పడ్డాక గుంతలోంచి మళ్లీ బిగించారు. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడే బిగిస్తే ఆ బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు ఆ భంగిమలోనే పట్టేసి, కారు దిగగానే మెలిపడి ఉంటాయి. అలా మెలిపడ్డ రబ్బరు ఇంకో స్ప్రింగులా తంతుంది, త్వరగా చిరిగిపోతుంది కూడా.

టైర్లలో గాలి 40 నుంచి 33కి దించారు. నా టైరు సైజు చూసి, అసలు 165/80 ఆర్14తో పోలిస్తే ఈ 195/55 ఆర్15 మొత్తం వ్యాసం 24 మిల్లీమీటర్లు తక్కువని అట్టముక్క మీద లెక్కవేసి చూపించారు. అంటే కిట్ సంగతి అలా ఉంచితే టైర్ల వల్లే కారు 12 మిల్లీమీటర్లు దిగింది. పక్క గోడ కూడా పాతిక మిల్లీమీటర్లు తగ్గింది, కుదుపును మింగే రబ్బరు అంత తగ్గినట్టే. స్పీడోమీటర్ నాలుగు శాతం ఎక్కువ చూపించడానికీ కారణం అదే. ఈ టైర్లు అరిగాక 185/60 వేయించుకోమన్నారు. అలాగే చేస్తాను.

ఖర్చు: మజూరీ 3,500, ముందు బంప్ స్టాప్‌లు 900, వెనక షాకులకు 2,400. చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ మెషిన్ వాళ్ల దగ్గర లేదు, బయట చేయించుకున్నందుకు 500. మొత్తం 7,300. ఎత్తు మారాక అలైన్‌మెంట్ తప్పనిసరి, చేయించకపోతే టైరు లోపలి అంచు మీకు తెలియకుండానే అరిగిపోతుంది.

ఇప్పుడు ఎలా ఉంది? కంపెనీ కారంత మెత్తగా లేదు, ఉండదు. స్ప్రింగు గట్టిది, రోడ్డు గరుకు తెలుస్తూనే ఉంటుంది. కానీ గుద్దుకోవడం పోయింది, ఎగరడం పోయింది. వారధి జాయింట్లు 'టప్ టప్' అని వినిపిస్తాయి, ఒంటికి తగలవు. అమ్మను బతిమాలి ముందుగా బెంజి సర్కిల్ దాకా తీసుకెళ్లాను. తర్వాతి వారం తెనాలి. దుగ్గిరాల దాటాక "ఏరా, కారు మార్చావా?" అని అడిగింది. వెనక సీట్లో ఎడమవైపే కూర్చుంది.

షెడ్డులో ఇబ్బందులూ చెప్పాలి. ఒక్కరోజులో ఇస్తామని రెండు రోజులు తీసుకున్నారు. ఫోన్ చేస్తే ఎత్తరు, పనిలో ఉంటారు. కూర్చోవడానికి చోటు లేదు, మే నెలలో ఆ రేకుల కింద నిలబడటం కష్టం. బిల్లు అడిగితేనే ఇస్తారు, అడిగి తీసుకోండి. ఆడవాళ్లు ఒంటరిగా కారు తెచ్చుకుని నిలబడటానికి అనువైన చోటు కూడా కాదు, కనీసం రెండు కుర్చీలూ ఒక ఫ్యానూ పెట్టించమని మేస్త్రి గారికి చెప్పి వచ్చాను.

మరో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. మేస్త్రి గారు ఈ విషయం ముందే చెప్పి, పాత షాకులు, స్ప్రింగులు అమ్మొద్దన్నారు. అవి అటక మీదే ఉన్నాయి.

వెళ్లేవాళ్లు ఉదయం తొమ్మిదింటికల్లా వెళ్లండి, పది దాటితే లారీల స్ప్రింగులతో గుంత ఖాళీ ఉండదు. కిట్‌తో వచ్చిన, రింగు తిప్పే వంపు పానా ఉంటే తీసుకెళ్లండి, ప్రతి కిట్‌కూ రింగు గాడి వేరేగా ఉంటుంది, నాది డిక్కీలో దొరక్క గంట పోయింది. నాబ్ ఎన్ని క్లిక్కుల్లో ఉందో కాగితం మీద రాసుకుని వెళ్లండి, మీ కారు ఎప్పుడు ఎలా ఎగురుతుందో కూడా. మేస్త్రి గారు మొదట అడిగేది అదే.