ఫ్లైవే ఆర్ ఫైళ్లు: ప్యాకేజీలకు భలే ఉన్నాయి, ఒక్క మెలిక తప్ప

ఒరాకిల్ డేటాబేస్‌లో పనిచేసేవాళ్లకు ఈ బాధ నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకే ప్యాకేజీ బాడీని (డేటాబేస్ లోపలే ఉండే ప్రొసీజర్ల కోడ్‌ని) ఇద్దరు తెరుస్తారు, ఇద్దరూ కంపైల్ కొడతారు, చివర కొట్టినవాళ్లదే మిగులుతుంది. మొదటివాళ్ల మార్పు ఏమైందని అడిగితే డేటాబేస్ నోరు విప్పదు. ఒకప్పుడు మా షేర్డ్ డ్రైవ్‌లో ‘బిల్లింగ్ న్యూ’, ‘బిల్లింగ్ ఫైనల్’, ‘బిల్లింగ్ ఫైనల్ 2’ అని ఫైళ్లుండేవి. వాటిలో అసలైనది ఏదో పెట్టినవాళ్లకే తెలిసేది కాదు.

కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్, డేటాబేస్ మార్పుల ఫైళ్లను వరసగా నడిపే ఫ్లైవే, ఈ రెండూ కలిపి వాడటం మొదలుపెట్టి ఏళ్లయింది. ఇన్‌స్టాల్ చేయడం, టేబుళ్ల మార్పులకు వీ1, వీ2 అని నంబర్లు వేసుకుంటూ పోవడం, అవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నన్ను కట్టిపడేసింది ఆర్ అక్షరంతో మొదలయ్యే రిపీటబుల్ ఫైళ్లు. ఒక ప్యాకేజీకి ఒకటే ఫైల్, ఎప్పటికీ అదే. ఫ్లైవే ఆ ఫైల్ చెక్‌సమ్ (లోపలి టెక్స్ట్ మారితే తానూ మారే ఒక సంఖ్య) లెక్కేసి, తన హిస్టరీ టేబుల్‌లో చివరిసారి రాసుకున్నదానితో పోలుస్తుంది. తేడా ఉంటే, నంబర్ల ఫైళ్లన్నీ అయిపోయాక దీన్ని మళ్లీ నడుపుతుంది. లేకపోతే ముట్టుకోదు.

ఇందులో సుఖం ఎక్కడుందంటే, ఫలానా ఇఫ్ కండిషన్ ఎవరు, ఏ కమిట్‌లో (గిట్‌లో సేవ్ చేసిన మార్పులో) పెట్టారో గిట్ బ్లేమ్‌లో లైన్ పక్కనే కనిపిస్తుంది, ఎందుకో ఆ కమిట్ మెసేజ్‌లో చూసుకోవచ్చు. అంతకన్నా హాయి వెనక్కి వెళ్లడం. ఫ్లైవేలో అన్‌డూ సౌకర్యం డబ్బు కట్టే ఎడిషన్‌లోనే ఉంది, మాది ఉచితానిది. అయినా ప్యాకేజీల వరకు దాని అవసరమే రాలేదు. గిట్‌లో కమిట్‌ని రివర్ట్ చేస్తే చెక్‌సమ్ మారుతుంది, తర్వాతి రన్‌లో పాత ప్యాకేజీ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే.

ఇక మెలిక. ఒక నెలాఖరు రాత్రి క్లయింట్ దగ్గర ఇన్‌వాయిస్ జాబ్ ఓఆర్ఏ-06502 ఎర్రర్‌తో ఆగిపోయింది. బిల్లింగ్ ప్యాకేజీలో కస్టమర్ పేరు పట్టే వేరియబుల్ 30 అక్షరాలకే ఉంది, వచ్చిన పేరు అంతకన్నా పొడుగు. వాళ్ల డీబీఏ (డేటాబేస్ చూసుకునే ఆయన) ప్రొడక్షన్‌లోనే, అంటే అసలు పని నడిచే డేటాబేస్‌లోనే ప్యాకేజీ తెరిచి 30ని 100 చేసి కంపైల్ కొట్టారు. జాబ్ నడిచింది, బిల్లులు వెళ్లాయి. ఆ వేళప్పుడు ఎవరున్నా అదే చేస్తారు. కానీ ఆ మార్పు గిట్‌లోకి రాలేదు, మాకు కబురూ లేదు.

తర్వాతి రిలీజ్‌లో అదే ప్యాకేజీలో దీనికి సంబంధంలేని ఒక ప్రొసీజర్ మార్చాం. సాయంత్రం డిప్లాయ్ చేశాం, లాగ్‌లో అంతా సక్సెస్. రాత్రి మళ్లీ అదే జాబ్, అదే 06502. ‘ఇది పోయిన నెలే బాగైంది కదా’ అని అవతలివాళ్లు, ‘అసలు మేమెప్పుడు మార్చాం’ అని మేము. గిట్ లాగ్ అంతా తిరగేశాం. అందులో 100 అనేది ఎన్నడూ లేదు, 30 ఉన్న మా ఫైలే దాని మీద పడింది. ‘సార్, ఆ రోజు మీరు కంపైల్ చేసిన ఫైల్ ఎక్కడైనా సేవ్ చేసుకున్నారా?’ అని డీబీఏని అడిగితే, ‘లేదండీ, ఎడిటర్‌లోనే మార్చేశా’ అన్నారు.

ఆ ఒక్క అంకె అయితే మేమే మార్చేసేవాళ్లం. ఆయన ఇంకేం ముట్టుకున్నారో ఆయనకే గుర్తులేదు, టెన్షన్ అక్కడే. అప్పుడు ఆయనే సిస్‌డీబీఏగా లాగినై, ప్యాకేజీల టెక్స్ట్ కనిపించే డీబీఏ సోర్స్ వ్యూ మీద ఫ్లాష్‌బ్యాక్ క్వెరీ (ఫలానా టైమ్‌కి డేటా ఎలా ఉందో చూపేది) వేశారు, డిప్లాయ్‌కి ముందు టైమ్ ఇచ్చి. ఒరాకిల్ పాత విలువలు కొంతకాలం దాచుకునే అండూలో ఆ డేటా ఇంకా చెరిగిపోలేదు, ప్యాకేజీ మొత్తం లైన్ లైన్‌గా బయటికొచ్చింది. మా ఫైల్‌తో డిఫ్ చేస్తే రెండు చోట్ల తేడా. రెండోది ఒక ఎక్సెప్షన్ బ్లాక్, దాని ఊసే ఎవరికీ లేదు! మర్నాడు చూద్దాంలే అనుకుని ఉంటే ఆ పాత డేటా చెరిగిపోయి ‘స్నాప్‌షాట్ టూ ఓల్డ్’ అనే ఎర్రర్ వచ్చేదేమో.

టూల్‌ని తప్పుపట్టను, చెప్పినట్టే పనిచేసింది. చెక్‌సమ్ ఫైల్‌ది, డేటాబేస్‌లో ఉన్న ప్యాకేజీది కాదు. ప్రొడక్షన్‌లో ఎవరైనా చెయ్యిపెడితే దానికి తెలిసే దారి లేదు. గిట్‌లో ఉన్నదే ప్రొడక్షన్‌లో ఉన్నదని పైన నేను మురిసిపోయినదంతా, అందరూ గిట్ దారినే వస్తేనే నిజం.

ఇప్పుడు డిప్లాయ్‌కి ముందు ఒక చిన్న స్క్రిప్ట్ నడుపుతున్నాం. ఆల్ సోర్స్ వ్యూ నుంచి టెక్స్ట్ లాగి, కిందటి రిలీజ్ ట్యాగ్‌లోని ఫైల్‌తో పోలుస్తుంది, తేడా ఉంటే ఆపేస్తుంది. మొదట్లో లాస్ట్ డీడీఎల్ టైమ్ (ప్యాకేజీ చివరిసారి ఎప్పుడు మారిందో ఒరాకిల్ రాసుకునేది) చూసి సరిపెట్టుకుందామనుకున్నాం గానీ, అది ఎవరికైనా గ్రాంట్ (వాడుకునే అనుమతి) ఇచ్చినా, ఊరికే రీకంపైల్ చేసినా మారిపోతుంది. టెక్స్ట్ పోలికలోనూ లైన్ చివరి ఖాళీలకు ఉత్తుత్తి అలారాలు వస్తూనే ఉన్నాయి.

మాది చిన్న టీమ్. లాజిక్ అంతా ప్యాకేజీల్లోనే ఉంటుంది, అందుకే నాకు ఆర్ ఫైళ్లు ఇంత ముద్దు. మీ కోడ్ ఎక్కువగా అప్లికేషన్ వైపే ఉండి, డేటాబేస్‌లో టేబుళ్లు మాత్రమే ఉంటే ఇంత తేడా కనపడకపోవచ్చు. పైగా ఒరాకిల్‌లో టేబుల్ లాంటివి మార్చే ప్రతి డీడీఎల్ ఆదేశానికీ అప్పటిదాకా చేసింది ఖాయమైపోతుంది (డేటాబేస్ కమిట్) కాబట్టి టేబుల్ మార్పు సగంలో ఫెయిలైతే సర్దుకోవాల్సింది మనమే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లకు ఆ గొడవ చాలావరకు లేదు. ప్రొడక్షన్ పాస్‌వర్డ్ మీ టీమ్ దాటి బయటికి వెళ్లకపోతే ఆ పోలిక స్క్రిప్ట్ కూడా మీకు అక్కర్లేకపోవచ్చు. మా దగ్గర అది ముగ్గురికి తెలుసు, అందులో ఇద్దరు క్లయింట్ మనుషులే.