పచ్చ టిక్కులు చూసి చివరి విడత డబ్బులు కట్టకండి

కర్నూలు, అనంతపురం, కడపల్లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నడుపుతున్నవాళ్లు, బయటి మనిషికి డబ్బులిచ్చి డాకర్‌లో సీఐ సెటప్ చేయించుకోవాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. సీఐ అంటే కోడ్ మార్చిన ప్రతిసారీ టెస్టులు వాటంతటవే నడిచే ఏర్పాటు. డాకర్ అంటే ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్. మేము 45,000 కట్టి మోసపోయాం. డబ్బు సంగతి అలా ఉంచండి, దానివల్ల రైతుల పట్టీల్లో (సరుకు అమ్మిన లెక్క చీటీల్లో) కోత పడింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మాది కర్నూలు సి క్యాంపు దగ్గర మేడ మీద నలుగురం పనిచేసే ఆఫీసు. ఉల్లి కమీషన్ దుకాణాలకు పట్టీలు తీసే వెబ్ అప్లికేషన్ మాది. ఎన్ని సంచులు, ఎన్ని క్వింటాళ్లు, ఏ ధర, హమాలీ ఎంత, చివరికి రైతు చేతికి ఎంత అన్నది లెక్కగట్టి తెలుగులో పట్టీ ప్రింట్ ఇస్తుంది. కోడ్ మార్చిన ప్రతిసారీ మాలో ఒకరు కూర్చుని బ్రౌజర్‌లో అన్నీ నొక్కి చూసేవాళ్లం. సరుకు ఎక్కువ వచ్చే రోజుల్లో అంత తీరిక ఎక్కడ ఉంటుంది?

తెలిసినవాళ్ల ద్వారా ఒకతను దొరికాడు. "కోడ్ పంపగానే కంటైనర్లు లేస్తాయి సార్, డేటాబేస్, క్రోమ్ అన్నీ వాటిలోనే. మీ 62 టెస్టులు వాటంతటవే నడుస్తాయి, ఒక్కటి ఫెయిలైనా కోడ్ సర్వర్‌కి ఎక్కదు" అన్నాడు. అడ్వాన్స్ 20,000, పని అయ్యాక 25,000. మూడు వారాల తర్వాత వీడియో కాల్‌లో, కోడ్ దాచి టెస్టులు నడిపే గిట్‌ల్యాబ్ తెరిచి వరసగా పచ్చ టిక్కులు చూపించాడు. మేము అప్పటికప్పుడే మిగతా డబ్బు పంపేశాం.

ఐదు వారాలు ఒక్క ఎర్ర గుర్తు కూడా రాలేదు. ఆరో వారం ఒక దుకాణం నుంచి ఫోన్. ఒక పెద్దాయన పట్టీ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. "ఏమప్పా, నలభై సంచులకు హమాలీ రెండుసార్లు పట్టినారే" అనే మాట నాకు ఫోన్‌లోనే వినిపించింది. ఆయన లెక్కే కరెక్ట్. 480 పోవాల్సిన చోట 960 పోయింది. ఒకే లాటును ఇద్దరు వ్యాపారులు పంచుకుని కొంటే, మా కొత్త కోడ్ లాటు మొత్తం హమాలీని ఇద్దరి లెక్కలోనూ వేస్తోంది.

సరిగ్గా ఈ కేసుకే మేము టెస్టు రాసి పెట్టుకున్నాం. మరి అది ఎందుకు పట్టుకోలేదని జాబ్ లాగ్ (టెస్టులు నడిచిన రికార్డు) తెరిచాను. పట్టుకుంది! రావాల్సింది 480, వచ్చింది 960 అని స్పష్టంగా ఉంది. 62లో 9 ఫెయిల్ అని కూడా ఉంది. ఆ కిందనే "జాబ్ సక్సీడెడ్" అని పచ్చగా ఉంది. కాసేపు నాకేమీ అర్థం కాలేదు.

సీఐ ఏం చేయాలో రాసి ఉండే కాన్ఫిగరేషన్ ఫైల్ చూస్తే తెలిసింది. టెస్టులు నడిపే కమాండ్ చివర రెండు నిలువు గీతలు పెట్టి, పక్కన 'ట్రూ' అని రాశాడు. తెలియనివాళ్లకు చెప్తాను. ఏ ప్రోగ్రామైనా ముగిసేటప్పుడు ఒక అంకె ఇచ్చి పోతుంది. 0 ఇస్తే సక్రమంగా అయినట్టు, ఇంకేది ఇచ్చినా తప్పు జరిగినట్టు. సీఐ అనేది లాగ్‌లో ఏం రాసి ఉందో చదవదు, ఆ అంకె ఒక్కటే చూస్తుంది. ఆ నిలువు గీతలూ ట్రూ పెడితే ముందు కమాండ్ ఫెయిలైనా చివరికి అందేది 0. అంటే టెస్టులు మొత్తం కూలిపోయినా మనకు పచ్చ టిక్కే. టెస్టులు ఫెయిలైనా కోడ్ ఆగకుండా గిట్‌ల్యాబ్‌లో 'అలౌ ఫెయిల్యూర్', గిట్‌హబ్ యాక్షన్స్‌లో 'కంటిన్యూ ఆన్ ఎర్రర్' అనే సెట్టింగులతో కూడా చేయొచ్చు. మీ ఫైల్‌లో ఈ మూడింటిలో ఏది కనిపించినా ఎందుకు పెట్టారో అడగండి.

అతనికి ఫోన్ చేస్తే, "టెంపరరీగా పెట్టాను సార్, తీయడం మర్చిపోయాను" అన్నాడు. తర్వాత మేమే కూర్చుని తవ్వితే అసలు కారణం దొరికింది. డాకర్ కంటైనర్‌కు షేర్డ్ మెమరీ (లోపలి ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే మెమరీ) మామూలుగా 64 ఎంబీ మాత్రమే ఇస్తుంది. క్రోమ్‌కు అది చాలదు, పెద్ద పేజీ తెరవగానే ట్యాబ్ క్రాష్ అవుతుంది. అలా మా టెస్టులు కొన్ని ఒకసారి పాసై ఇంకోసారి పడిపోతుండేవి. రన్నర్ (టెస్టులు నడిపే ప్రోగ్రామ్) సెట్టింగ్‌లో ఒక్క లైన్ మార్చి ఆ మెమరీని 1 జీబీ చేస్తే క్రాష్‌లు ఆగిపోయాయి. ఆ ఒక్క లైన్ వెతకడానికి ఓపిక లేక మొత్తం టెస్టుల నోరే నొక్కేశాడు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదే.

పట్టీ ప్రింట్ టెస్టుదీ ఇదే కథ. అది ఎప్పుడూ ఫెయిల్ అవుతోందని, అవసరం లేదని చెప్పి తీయించాడు. తిరిగి పెట్టి స్క్రీన్‌షాట్ చూస్తే రైతు పేరు, ఊరు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఇమేజ్‌లో (కంటైనర్ తయారయ్యే మూసలో) తెలుగు ఫాంటే లేదు. డెబియన్ అనే లినక్స్ ఇమేజ్‌లో నోటో ఫాంట్ల ప్యాకేజీ వేయగానే అక్షరాలు వచ్చేశాయి. తెలుగులో బిల్లులు, రసీదులు ఇచ్చే అప్లికేషన్ ఉన్నవాళ్లు ఈ స్క్రీన్‌షాట్ తప్పకుండా అడిగి చూడండి. కంటైనర్ గడియారం కూడా సాధారణంగా యూటీసీలో, అంటే మన టైమ్‌కు ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. తెల్లవారి ఐదున్నర లోపు టెస్టులు నడిస్తే తేదీ నిన్నటిది వస్తుంది.

వీటన్నిటికంటే భయపడింది పాస్‌వర్డ్ విషయంలో. మా డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌ను ఇమేజ్‌లోకి కాపీ చేసి, తర్వాతి లైన్‌లో చెరిపేశాడు. చెరిపితే పోదు. డాకర్ ఇమేజ్ పొరలు పొరలుగా ఉంటుంది, కింది పొరలో ఆ ఫైల్ అలాగే ఉంటుంది, ఇమేజ్ దించుకున్నవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు. పైగా ఆ ఇమేజ్‌ను ఇమేజ్‌లు పెట్టుకునే డాకర్ హబ్ సైట్‌లో తన సొంత అకౌంట్‌లో, పబ్లిక్‌గా పెట్టాడు. ఆ రాత్రి రెండింటిదాకా కూర్చుని పాస్‌వర్డ్‌లన్నీ మార్చాం. దుకాణాల ఖాతాలు, రైతుల ఫోన్ నంబర్లు అన్నీ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి మరి.

ఇంకోటి, బ్రౌజర్ ఇమేజ్‌కు వెర్షన్ నంబర్ ఇవ్వకుండా 'లేటెస్ట్' అని రాశాడు. బ్రౌజర్ టెస్టులు నడిపే ప్లేరైట్ లైబ్రరీ వెర్షన్, ఇమేజ్ వెర్షన్ ఒకటే కాకపోతే బ్రౌజర్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. కొత్త ఇమేజ్ వచ్చిన రోజు అదే జరిగింది. సరిచేయడానికి నెలకు 6,000 మెయింటెనెన్స్ అడిగాడు. ఇవ్వలేదు, వెర్షన్ నంబర్ మేమే రాసుకున్నాం.

కాబట్టి ఎవరితో చేయించుకున్నా, చివరి విడత ఇచ్చేముందు వాళ్ల ఎదురుగానే మీ కోడ్‌ను కావాలని చెడగొట్టండి. ఒక కూడికను తీసివేతగా మార్చి పంపండి చాలు. పైప్‌లైన్ (సీఐ వరసగా చేసే పనులు) ఎర్రగా మారాలి, ఆ కోడ్ మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అసలు కోడ్‌లోకి, మెర్జ్ కాకుండా ఆగాలి. రెండూ మీ కళ్లతో చూశాకే డబ్బు ఇవ్వండి. మాకు ఈ ఐదు నిమిషాల పని చెప్పినవాళ్లు లేరు. రిపాజిటరీ (కోడ్ దాచే చోటు), ఇమేజ్‌లు, రన్నర్ ఉన్న సర్వర్ మొదటి రోజు నుంచే మీ పేరు మీద ఉండాలి. పని ఇప్పటికే చేయించుకున్నవాళ్లు ఈరోజే చెడగొట్టి చూడండి, రేపటిదాకా ఆగకండి.

డబ్బు వెనక్కి అడిగితే అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. రైతుల డబ్బు మాత్రం మేమే తిరిగి ఇస్తున్నాం. ఐదు వారాల్లో 13 పట్టీల్లో హమాలీ రెండుసార్లు కోత పడిందని లెక్క తేలింది. దుకాణాల ద్వారా 11 మందికి అందింది. మిగిలిన ఇద్దరి ఫోన్ నంబర్లు పనిచేయడం లేదు. వాళ్లు ఈసారి సరుకు తెచ్చినప్పుడు ఇమ్మని కవర్లలో పెట్టి, మీద పేరూ ఊరూ రాసి దుకాణంలో ఇచ్చి వచ్చాను.